స్టార్ ఎన్నికల్లోకి దిగితే: ఇండిపెండెంటా, సొంత పార్టీయా, ఉన్న పార్టీ టికెట్టా?

1969 రాష్ట్రపతి ఎన్నికలో వి.వి.గిరి ఇండిపెండెంట్‌గా నామినేషన్ వేసి, కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి మీద గెలిచారు. గెలిచినాయనది బరంపురం, ఓడినాయనది అనంతపురం జిల్లా. ఇద్దరూ తెలుగువాళ్లే. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఫలితం తేలలేదు. రెండో ప్రాధాన్యం కూడా లెక్కలోకి తీసుకుంటే గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 ఓట్ల విలువ వచ్చింది. కాబట్టి పార్టీ లేని మనిషి దేశం మొత్తానికి సంబంధించిన ఎన్నిక గెలవగలడా అని ఎవరైనా అడిగితే, గెలిచాడు, మనవాడే అని చెప్పొచ్చు.

కానీ ఆ గెలుపులో ఒక మెలిక ఉంది. ఓటేసింది జనం కాదు, ఎంపీలూ ఎమ్మెల్యేలూ. అంతరాత్మ చెప్పినట్టు ఓటెయ్యమని సొంత పార్టీ వాళ్లకి సూచన ఇచ్చింది సాక్షాత్తూ ప్రధాని ఇందిరాగాంధీ. నామినేషన్ కాగితం మీద గిరి ఇండిపెండెంటే. వెనక పనిచేసింది మాత్రం దేశంలోకెల్లా పెద్ద పార్టీలో ఒక పెద్ద ముక్క, దానికి తోడు వామపక్షాలు, డీఎంకే. 2002లో అబ్దుల్ కలాం సంగతీ ఇంచుమించు అంతే. ఏ పార్టీ మనిషీ కాదు, దేశమంతా తెలిసిన పేరు. అయినా ఆయన్ని నిలబెట్టింది ఎన్డీయే, కాంగ్రెస్ కూడా కలిసొచ్చింది.

ప్రతి ఎన్నికల ముందూ ఎవరో ఒక హీరో పేరో క్రికెటర్ పేరో బయటికొస్తుంది. "మా అన్న ఏ పార్టీలోనూ చేరక్కర్లేదు, ఒంటరిగా నిలబడినా గెలుస్తాడు" అని అభిమానులు, "పార్టీ లేకపోతే డిపాజిట్ కూడా రాదు" అని పక్కవాళ్లు. ఇద్దరి దగ్గరా ఉదాహరణలు ఉంటాయి. ఆ ఉదాహరణల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఏ దారి ఎవరికి పనికొస్తుందో కొంత తేలుతుంది. నేను చూసేది ముఖ్యంగా ఒకటే: ఆ స్టార్ తరఫున పోలింగ్ రోజు బూత్‌లో ఎవరు కూర్చుంటారు?

ముందు లెక్క చూద్దాం

మన దేశంలో "జాతీయ ఎన్నిక" అనేది ఒక ఎన్నిక కాదు. 543 ఎన్నికలు. ప్రధాని కావాలంటే 272 మంది ఎంపీలు వెనక ఉండాలి. చట్టం ప్రకారం ఒక మనిషి ఒక ఎన్నికలో రెండు సీట్లకి మించి పోటీ చేయకూడదు. 1985లో ఎన్టీఆర్ గుడివాడ, నల్గొండ, హిందూపురం మూడింటా నిలబడి మూడింటా గెలిచారు కానీ, ఇప్పుడైతే అది కుదరదు. అంటే ఇండిపెండెంట్‌గా దిగిన స్టార్ దేశమంతా పూలదండలు వేయించుకున్నా, ఆయన పేరు కనిపించేది రెండు నియోజకవర్గాల ఈవీఎంలలోనే. రెండూ గెలిచినా ఒకటి వదులుకోవాలి. మిగిలేది ఒక్క సీటు.

కాబట్టి ఇండిపెండెంట్‌గా మన దేశాన్ని "గెలవడం" కుదిరే పని కాదు. ఇది అభిమానం సంగతి కాదు, కూడికల సంగతి. ఇండిపెండెంట్‌కి పెద్ద కుర్చీ దక్కడం మాత్రం అసాధ్యం కాదు. 2006లో జార్ఖండ్‌లో మధు కోడా ఇండిపెండెంట్ ఎమ్మెల్యేగా ఉంటూనే ముఖ్యమంత్రి అయ్యారు. పెద్ద పార్టీలకి ఒకరి మీద ఒకరికి నమ్మకం లేనప్పుడు మధ్యలో ఉన్నవాడికి కుర్చీ దొరికింది. అది ఓటర్లు ఇచ్చిన కుర్చీ కాదు. రెండేళ్లు తిరక్కుండానే పోయింది కూడా.

లోక్‌సభకి ఇండిపెండెంట్లు అత్యధికంగా గెలిచింది 1957లో, 42 మంది. 2019కి వచ్చేసరికి ఆ సంఖ్య 4. 2024లో దాదాపు నాలుగు వేల మంది నిలబడితే గెలిచింది ఏడుగురు. ఆ ఏడుగురిలో సినిమావాళ్లు ఎవరూ లేరు.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న మార్చుకోవాలి. స్టార్‌కి కావాల్సింది ఒక సీటా, ఒక రాష్ట్రమా, ఢిల్లీలో ఒక మాటా, లేక నిజంగానే ప్రధాని కుర్చీయా? దాన్నిబట్టి దారి మారుతుంది.

ఒకే ఏడాది, ఒకే రాష్ట్రం, ఇద్దరు ఇండిపెండెంట్లు

ఈ విషయంలో 2019 కర్ణాటక కంటే మంచి పాఠం నాకు ఇంకెక్కడా దొరకలేదు. ఆ లోక్‌సభ ఎన్నికల్లో తెలుగు ప్రేక్షకులకి బాగా తెలిసిన ఇద్దరు నటులు ఇండిపెండెంట్లుగా నిలబడ్డారు. మండ్యలో సుమలత, బెంగళూరు సెంట్రల్‌లో ప్రకాశ్ రాజ్.

సుమలతకి 7 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. ముఖ్యమంత్రి కుమారస్వామి కొడుకు నిఖిల్ మీద 1,25,876 ఓట్ల మెజారిటీ. ప్రకాశ్ రాజ్‌కి వచ్చింది దాదాపు 29 వేలు. పోలైన ఓట్లలో ఆరో వంతు దాటితేనే డిపాజిట్ వెనక్కి వస్తుంది. ఆయనకి రాలేదు.

నటనలో ప్రకాశ్ రాజ్ తక్కువవాడా? ఐదు భాషల్లో జనం గుర్తుపట్టే మొహం. మాటల్లో పదును ఉంది, సమస్యల మీద స్పష్టత ఉంది. మరి తేడా ఎక్కడ వచ్చింది?

మండ్య అంటే సుమలత భర్త, కన్నడ హీరో అంబరీష్ ఊరు. ఆయన అక్కడినుంచి మూడుసార్లు ఎంపీ, తర్వాత రాష్ట్రంలో మంత్రి. 2018 నవంబరులో పోయారు. ఆ సానుభూతి ఒకటి. సుమలత మొదట అడిగింది కాంగ్రెస్ టికెట్టే. పొత్తులో ఆ సీటు కుమారస్వామి పార్టీ జేడీఎస్‌కి పోయింది కాబట్టి ఇవ్వలేదు. ఇక్కడే అసలు కథ మొదలైంది. ఏళ్ల తరబడి జేడీఎస్‌తో కొట్లాడిన మండ్య కాంగ్రెస్ కార్యకర్తలకి ఒక్కసారిగా ఆ పార్టీ జెండా మోయమంటే మనసొప్పలేదు. చాలామంది లోపల్లోపల సుమలతకి పనిచేశారు. బీజేపీ అయితే అభ్యర్థినే పెట్టకుండా బాహాటంగా మద్దతిచ్చింది. రైతు సంఘం కలిసొచ్చింది. యశ్, దర్శన్ లాంటి కన్నడ హీరోలు ఎండలో ఊరూరా తిరిగారు.

అంటే ఆమె బూత్‌లో కూర్చోడానికి మనుషులు ముందే ఉన్నారు. వాళ్లకి పార్టీ ఉంది కానీ అభ్యర్థి నచ్చలేదు. ఆమెకి అభ్యర్థిత్వం ఉంది, పార్టీ లేదు. రెండూ అతుక్కున్నాయి.

బెంగళూరు సెంట్రల్‌లో కాంగ్రెస్‌కీ బీజేపీకీ చెరో బలమైన అభ్యర్థి ఉన్నారు. ఎవరూ తప్పుకోలేదు. బీజేపీని గట్టిగా వ్యతిరేకించే ప్రకాశ్ రాజ్‌కి పడాల్సిన ఓటరు, ఓటు చీలితే బీజేపీకే లాభం అనుకుని కాంగ్రెస్‌కి వేశాడు. "ఆయన మంచోడే, కానీ గెలవడు" అన్న మాట ఒకసారి మొదలైతే దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. గెలవడు అనుకుంటారు కాబట్టి వెయ్యరు, వెయ్యరు కాబట్టి గెలవడు.

అదే ఏడాది మహారాష్ట్ర అమరావతిలో నవనీత్ రాణా కూడా ఇండిపెండెంట్‌గా గెలిచారు. తెలుగు సినిమాల్లో హీరోయిన్‌గా చేసినామే. అక్కడ ఎన్సీపీ, కాంగ్రెస్ అభ్యర్థిని పెట్టకుండా ఆమెకి మద్దతిచ్చాయి. 2014లో ఎన్సీపీ టికెట్ మీద ఓడిన సీటులో ఇండిపెండెంట్‌గా గెలిచి, 2024లో బీజేపీ టికెట్ మీద మళ్లీ ఓడారు. పెద్ద పార్టీ గుర్తు ఉంటే చాలు అనుకునేవాళ్లు ఈ మూడు ఫలితాలూ ఒకసారి గుర్తుచేసుకోవాలి.

బూత్‌లో ఏం జరుగుతుందో చెప్తా

చాలా ఏళ్ల కింద మా ఊళ్లో ఒక ఇండిపెండెంట్ తరఫున నేను ఏజెంట్‌గా కూర్చున్నాను. పెద్ద ఆశయమేమీ లేదు, తెలిసిన మనిషి అడిగాడని. పొద్దున్నే మాక్ పోల్‌కి, అంటే ఓటింగ్ మొదలయ్యేముందు ఏజెంట్ల ఎదుట ఈవీఎంని పరీక్షించే పనికి, వెళ్లాను. నాకు అటూ ఇటూ రెండు పెద్ద పార్టీల ఏజెంట్లు. వాళ్ల చేతిలో ఓటర్ల జాబితా, దాని మీద రంగు పెన్నుల గుర్తులు. తలుపులోంచి ఎవరొచ్చినా ఇంటిపేరుతో సహా వాళ్లకి తెలుసు. ఎవరు ఓటేశారో టిక్ పెట్టుకుంటూ, మధ్యాహ్నం మూడింటికి ఇంకా రానివాళ్ల పేర్లు బయటికి పంపారు. పావుగంటలో ఆటోలు బయల్దేరాయి. నా దగ్గర జాబితా లేదు, ఆటో లేదు. పదకొండు దాకా టిఫిన్ పొట్లం కూడా రాలేదు. మా అభ్యర్థికి ఆ బూత్‌లో పడ్డ ఓట్లు చెప్పుకుంటే నవ్వుతారు.

2024లో ఆంధ్రప్రదేశ్‌లో 46 వేలకు పైగా పోలింగ్ కేంద్రాలు పెట్టారు. 25 లోక్‌సభ సీట్లకి పంచితే సీటుకి సుమారు 1,850. దేశం మొత్తం మీద పదిన్నర లక్షలు. బూత్‌కి ఒక ఏజెంటూ, ఆయన లేచి వెళ్తే కూర్చోడానికి మరొకరూ అనుకున్నా ఒక్క లోక్‌సభ సీటుకే 3,700 మంది నమ్మకస్థులు కావాలి. రోడ్ షోకి వచ్చే లక్షమందిలోంచి వీళ్లని ఏరుకోవచ్చు కదా అంటారు. రోడ్ షోకి వచ్చే కుర్రాళ్లలో చాలామందిది పక్క నియోజకవర్గమే అయి ఉంటుంది. కొంతమందికి ఓటు వయసే రాదు.

ఇండిపెండెంట్‌కి చట్టంలోనూ కొన్ని చిక్కులున్నాయి. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ప్రతిపాదించడానికి ఒక్క ఓటరు సంతకం చాలు, ఇండిపెండెంట్‌కి పదిమంది కావాలి. స్టార్‌కి ఇది లెక్కలోది కాదు. ఈవీఎంలో పేర్ల వరస మాత్రం లెక్కలోదే. ముందు గుర్తింపు ఉన్న పార్టీలు, తర్వాత రిజిస్టర్ అయిన చిన్న పార్టీలు, ఆ కింద ఇండిపెండెంట్లు. గుర్తు కూడా నామినేషన్ల ఘట్టం అయ్యాకే చేతికొస్తుంది, ప్రచారానికి మిగిలేది రెండు వారాల చిల్లర. ఆ రెండు వారాల్లో పల్లెటూరి ముసలమ్మ దాకా గుర్తు చేరాలి. సుమలతకి కొమ్ము ఊదే మనిషి గుర్తు వచ్చింది. అదీగాక అదే పేరున్న మరో ముగ్గురు సుమలతలు నామినేషన్ వేశారు. ఈవీఎం మీద అభ్యర్థి ఫొటో పెట్టే పద్ధతి 2015లో వచ్చింది కాబట్టి సరిపోయింది. ఇలాంటి చోట జనం ముందే ఎరిగిన మొహానికి మించిన ఆస్తి లేదు.

ఖర్చులో ఇంకో తమాషా ఉంది. పార్టీల తరఫున తిరిగే "స్టార్ క్యాంపెయినర్ల" ప్రయాణ ఖర్చు అభ్యర్థి ఖాతాలో పడదు. గుర్తింపు ఉన్న పార్టీకి అలాంటివాళ్లు 40 మంది దాకా ఉండొచ్చు. ఇండిపెండెంట్‌కి ఆ వెసులుబాటు లేదు. అంటే ఎన్నికల లెక్కలో నిజమైన స్టార్‌కే స్టార్ క్యాంపెయినర్ ఉండడు! స్నేహితుడైన హీరో హెలికాప్టర్‌లో వచ్చి ప్రచారం చేస్తే ఆ ఖర్చు అభ్యర్థి పరిమితిలోకే వస్తుంది. పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభకి ఆ పరిమితి 95 లక్షలు.

గెలిచాక కూడా ఒక ముడి ఉంది. ఫిరాయింపుల చట్టం ప్రకారం ఇండిపెండెంట్‌గా గెలిచినవాళ్లు తర్వాత ఏ పార్టీలో చేరినా పదవి పోతుంది. సుమలత 2023లో బీజేపీకి మద్దతు ప్రకటించి, పార్టీలో చేరడం మాత్రం 2024 ఎన్నికల సమయం దాకా ఆపుకున్నది అందుకే. చేరాక ఏమైంది? ఈసారి బీజేపీ, జేడీఎస్ పొత్తులో మండ్య జేడీఎస్‌కి వెళ్లింది. ఏ కుమారస్వామి కొడుకు మీద గెలిచారో, ఆ కుమారస్వామే అక్కడ నిలబడి గెలిచారు. ఆమెకి పోటీ చేసే అవకాశమే రాలేదు. ఖాళీలో గెలిచిన సీటు, ఖాళీ పూడగానే పోయింది.

సొంత పార్టీ: ఒక 1983, ఒక 2009

సొంత పార్టీ అనగానే తెలుగువాళ్లకి ఎన్టీఆర్ గుర్తొస్తారు. 1982 మార్చి 29న పార్టీ, 1983 జనవరిలో అధికారం. 294 సీట్లలో రెండు వందలకు పైగా. తొమ్మిది నెలల్లో అయిపోయింది కాబట్టి ఎవరైనా చేయొచ్చు అనిపిస్తుంది. ఆ గెలుపుకి ముందు జరిగింది మర్చిపోకూడదు. కాంగ్రెస్ ఐదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రుల్ని మార్చింది: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. కోపం ఊరూరా ఉంది, దాన్ని మోయడానికి గట్టి ప్రతిపక్షం లేదు. ఎన్టీఆర్ చైతన్యరథం ఎక్కేసరికి దారి ఖాళీగా ఉంది.

2008 ఆగస్టులో తిరుపతిలో చిరంజీవి ప్రజారాజ్యం పెట్టినప్పుడు ఆ జనాన్ని చూసి నేనూ 1983 మళ్లీ వస్తుందనుకున్నాను. వచ్చింది 18 సీట్లు. ఓట్లు మాత్రం 16 శాతం దాకా. చిరంజీవి తిరుపతిలో గెలిచి, పాలకొల్లులో ఓడారు. లోక్‌సభకి ఒక్కరూ గెలవలేదు. 2009లో ఖాళీ లేదు. ఒకవైపు వై.ఎస్. ప్రభుత్వం పథకాలు, ఇంకోవైపు టీడీపీ, టీఆర్ఎస్, వామపక్షాల మహాకూటమి. మూడోవాడు ఎంత పెద్ద హీరో అయినా, మన పద్ధతిలో రెండో స్థానానికి బహుమతి లేదు. ఓట్లు రాష్ట్రమంతా పల్చగా పరుచుకుంటే సీట్లు రావు. 2011లో పార్టీ కాంగ్రెస్‌లో కలిసింది, ఆయన కేంద్రమంత్రి అయ్యారు. ఆ మంత్రి పదవికి నేరుగా కాంగ్రెస్‌లో చేరినా సరిపోయేది కదా అని మా బాబాయి ఇప్పటికీ అంటాడు.

తమ్ముడు పవన్ కల్యాణ్ దారి వేరు. 2014 మార్చిలో జనసేన పెట్టి ఆ ఎన్నికల్లో పోటీ చేయలేదు. 2019లో పోటీ చేసి గాజువాక, భీమవరం రెండుచోట్లా ఓడిపోయారు. పార్టీకి వచ్చింది రాజోలు ఒక్కటి. అక్కడితో మూసేస్తారనుకున్నారు. 2024లో టీడీపీ, బీజేపీతో కలిసి 21 అసెంబ్లీ సీట్లకి నిలబడి 21, రెండు లోక్‌సభ సీట్లకి రెండు గెలిచి, ఉపముఖ్యమంత్రి అయ్యారు. 2019కీ 2024కీ మధ్య పవన్ కల్యాణ్ సినిమా ఇమేజ్ ఏమీ రెట్టింపు కాలేదు. అడిగిన సీట్లు తగ్గాయి, బూత్‌లో టీడీపీ ఏజెంటు పక్కన చేరాడు.

తమిళనాడులో కమల్ హాసన్‌ది మరీ బాధ కలిగించే లెక్క. 2021లో కోయంబత్తూరు దక్షిణంలో 1,728 ఓట్ల తేడాతో ఓడారు. ఆయన పార్టీకి ఎక్కడా సీటు రాలేదు. చివరికి 2025లో డీఎంకే మద్దతుతో రాజ్యసభకి వెళ్లారు. రజనీకాంత్ 2017 చివర్లో వస్తున్నానని చెప్పి, 2020 చివర్లో రావట్లేదని చెప్పారు. ఈ లెక్కలన్నీ చూశాక, అది తెలివైన నిర్ణయమేనని నాకనిపిస్తుంది.

ఒక విషయం ఇక్కడే చెప్పాలి. సొంత పార్టీ పెట్టి గెలిచిన సినిమా నాయకులంతా ఒక భాష హద్దులో గెలిచారు. 1984లో దేశమంతా రాజీవ్ గాలి వీచినా ఆంధ్రప్రదేశ్‌లో టీడీపీ 30 లోక్‌సభ సీట్లు గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షం దాకా వెళ్లిన మరో సినిమా పార్టీ నాకు గుర్తులేదు. అయినా అవి ఒక్క రాష్ట్రం సీట్లే. తర్వాత ఎన్టీఆర్ నేషనల్ ఫ్రంట్ చైర్మన్ అయ్యారు. 1989లో ఫ్రంట్ ఢిల్లీలో గద్దెనెక్కింది, ఇక్కడ టీడీపీకి మాత్రం రెండు లోక్‌సభ సీట్లే మిగిలాయి, ఆయన స్వయంగా కల్వకుర్తిలో ఓడారు. ప్రధాని అయింది వి.పి.సింగ్. ఇప్పుడు పాన్ ఇండియా హీరోలొచ్చారు కదా అంటారు. సినిమాకి డబ్బింగ్ చెప్పించొచ్చు. నమ్మకానికి డబ్బింగ్ ఇంకా రాలేదు.

ఉన్న పార్టీ టికెట్

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే తక్కువ స్వేచ్ఛ. 1984లో అమితాబ్ బచ్చన్ అలహాబాద్‌లో హెచ్.ఎన్.బహుగుణ లాంటి ఉద్దండుణ్ణి 1.87 లక్షల ఓట్ల తేడాతో ఓడించారు. మూడేళ్లకే రాజీనామా చేశారు. 1989లో సూపర్ స్టార్ కృష్ణ కాంగ్రెస్ నుంచి ఏలూరులో గెలిచారు, 1991లో అక్కడే ఓడారు.

నాకు బాగా పనికొచ్చే ఉదాహరణ కృష్ణంరాజు. 1991లో నరసాపురంలో కాంగ్రెస్ అభ్యర్థిగా ఓడారు. 1998లో కాకినాడలో బీజేపీ నుంచి గెలిచారు. 1999లో అదే నరసాపురంలో, టీడీపీతో పొత్తు ఉన్న బీజేపీ అభ్యర్థిగా గెలిచారు, వాజ్‌పేయి ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. 2004లో ఓడారు. 2009లో ప్రజారాజ్యం నుంచి రాజమండ్రిలో ఓడారు. మనిషి ఒక్కడే, గోదావరి జిల్లాలు అవే, అభిమానులు వాళ్లే. మారినవి జెండా, పొత్తు, ఏడాది. రెబల్ స్టార్ అన్న పేరు పదివేలో ఇరవైవేలో ఓట్లు కలుపుతుందేమో. ఆ కలిపేది కూడా దగ్గరదగ్గర పోటీలో ఉన్నప్పుడే పనికొస్తుంది.

వేరే దేశాల్లో ఎందుకు కుదిరింది?

జెలెన్‌స్కీ సంగతి అందరూ ఎత్తుతారు. టీవీలో అధ్యక్షుడి పాత్ర వేసిన హాస్యనటుడు, 2019లో నిజంగానే ఉక్రెయిన్ అధ్యక్షుడయ్యాడు. మొదటి రౌండ్‌లో 30 శాతం, రెండో రౌండ్‌లో 73 శాతం. గమనించాల్సినవి రెండు. ఒకటి, ఆయన ఇండిపెండెంట్ కాదు. తన టీవీ సీరియల్ పేరే పెట్టిన పార్టీ ఉంది. రెండు, అక్కడ దేశం మొత్తం ఒకే నియోజకవర్గం, పైగా రెండు రౌండ్లు. మొదటి రౌండ్‌లో 30 శాతం తెచ్చుకుని ముందుంటే చాలు. రెండో రౌండ్‌లో పాత అధ్యక్షుడంటే గిట్టనివాళ్లంతా ఈయన వెనక చేరారు. ఆ 30 శాతమే మన రాష్ట్రాల్లో త్రిముఖ పోటీలో వస్తే ప్రతిపక్ష హోదాకి కొట్లాడుకోవాలి. 2015లో గ్వాటెమాలాలో హాస్యనటుడు జిమ్మీ మొరాలెస్ గెలిచింది కూడా రెండో రౌండ్‌లోనే. ఫుట్‌బాల్ ఆటగాడు జార్జ్ వేయా లైబీరియాలో 2005లో ఓడి, పన్నెండేళ్లు పార్టీని నడిపి 2017లో గెలిచాడు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు వ్యాపారి రాస్ పెరో పేరు చెప్తారు. 1992లో ఇండిపెండెంట్‌గా 18.9 శాతం ఓట్లు, అంటే దాదాపు రెండు కోట్లు. రాష్ట్రాల్లో మొదట వచ్చినవాళ్లకి దక్కే, అధ్యక్షుణ్ణి తేల్చే ఎలక్టోరల్ ఓట్లు మాత్రం సున్నా. మన ప్రజారాజ్యం జబ్బే ఆయనకీ: దేశమంతా ఉన్నాడు, ఎక్కడా మొదటి స్థానంలో లేడు. అయినా యాభై రాష్ట్రాల బ్యాలెట్ మీదా పేరు ఎక్కించగలిగాడు, ఎందుకంటే డబ్బూ కార్యకర్తలూ ఉన్నారు. 2020లో ర్యాప్ గాయకుడు కాన్యే వెస్ట్ దిగితే పేరు ఎక్కింది డజను రాష్ట్రాల్లోనే. రీగన్, ట్రంప్ ఇద్దరూ తెరమీద కనిపించినవాళ్లే. ఇద్దరూ రిపబ్లికన్ పార్టీ టికెట్ మీదే గెలిచారు.

పాకిస్తాన్ కథ వీటన్నిటికంటే విచిత్రం. ఇమ్రాన్ ఖాన్ 1992లో ప్రపంచకప్ తెచ్చినవాడు. 1996లో పార్టీ పెట్టాడు. మరుసటి ఏడాది ఎన్నికల్లో సున్నా. 2002లో ఒక్క సీటు. ప్రధాని అయింది 2018లో. ఇరవై రెండేళ్లు. 2024 ఫిబ్రవరి ఎన్నికలకి ఆయన జైల్లో ఉన్నాడు, పార్టీకి బ్యాట్ గుర్తు పోయింది. అభ్యర్థులంతా తలా ఒక గుర్తుతో ఇండిపెండెంట్లుగా దిగారు. ఒకాయనకి వంకాయ గుర్తు ఇచ్చారు. అయినా అన్ని పార్టీలకంటే ఎక్కువగా తొంభైకి పైగా సీట్లు గెలిచారు. ప్రభుత్వం మాత్రం షెహబాజ్ షరీఫ్‌ది. పార్లమెంటరీ పద్ధతిలో ఇండిపెండెంట్లు మొదటి స్థానంలో వచ్చినా ప్రభుత్వం దక్కలేదు, పార్టీలకి పంచే మహిళల రిజర్వుడు సీట్ల దగ్గర కూడా ఇండిపెండెంట్లు అన్నందుకే పేచీ వచ్చింది. అయితే అంతమంది గెలిచిందీ ఊరికే కాదు. గుర్తు పోయినా కార్యకర్తలు పోలేదు. ఏ ఊళ్లో ఏ గుర్తో ఫోన్లలో పంపుకున్నారు.

మరి ఏది ఎంచుకోవాలి?

ఒక సమస్య మీద దేశం చూపు తిప్పాలన్నదే ఉద్దేశమైతే ఇండిపెండెంట్‌గా దిగండి, డిపాజిట్ 25 వేలు పోయినా ఫర్వాలేదనుకుని దిగండి. ప్రకాశ్ రాజ్ చేసింది తప్పని నేననను. గెలవడానికని చెప్పి అభిమానుల ఇళ్లలో డబ్బు ఖర్చుపెట్టిస్తే మాత్రం తప్పు.

ఒక లోక్‌సభ సీటు గెలవాలన్నదే లక్ష్యమైతే, ఇండిపెండెంట్ దారి పనిచేసేది ఒక్క పరిస్థితిలోనే: అక్కడ కనీసం ఒక పెద్ద పార్టీ అభ్యర్థిని పెట్టకుండా తప్పుకోవాలి, ఇంకో పార్టీ కార్యకర్తలు తమ అభ్యర్థి మీద అలిగి ఉండాలి, స్టార్‌కి ఆ ఊరితో సినిమా పోస్టర్ కాని బంధం ఏదో ఉండాలి. మూడూ ఉంటే టికెట్ తీసుకోవడం కంటే అదే మేలు. మూడింటిలో ఒకటి తగ్గినా టికెట్ అడగండి.

మంత్రి పదవి మీద మనసుంటే మొహమాటం లేకుండా గెలిచే పార్టీలో చేరండి. మధ్యలో సొంత పార్టీ పెట్టి, దాన్ని కలిపేసి, నమ్మివచ్చిన వేలమందిని నడిరోడ్డున వదలడం కంటే అది గౌరవం.

రాష్ట్రాన్ని ఏలాలనుకుంటే సొంత పార్టీయే దారి. 1983 లాంటి ఖాళీ ఉందో లేదో ముందు చూసుకోవాలి. లేకపోతే 2024 దారి, తక్కువ సీట్లు, గట్టి పొత్తు. పదేళ్లు ఓర్చుకునే ఓపిక లేనివాళ్లు అసలు మొదలుపెట్టకూడదు.

ప్రధాని కుర్చీ అంటారా? ఇండిపెండెంట్‌గా లేదు. సొంత ప్రాంతీయ పార్టీతో అయితే ఏదో ఒకనాడు సంకీర్ణంలో చీటీ తగలొచ్చు. ఇమ్రాన్ లాగా ఇరవై రెండేళ్లు పెట్టుబడి పెట్టేవాళ్లు సినిమాల్లో ఎవరున్నారో మీరే చూసుకోండి.

మీ హీరో పిలిస్తే పనిచేయడానికి సిద్ధంగా ఉన్న అభిమానులకి ఒక చిన్న పని చెప్తాను. నామినేషన్‌కి ఆరు నెలల ముందు ఒక లావు నోట్‌బుక్ కొనండి. నియోజకవర్గంలోని ప్రతి బూత్‌కీ ఒక పేజీ ఇవ్వండి. ప్రతి పేజీలో, ఆ బూత్ ఓటర్ల జాబితాలోనే పేరున్న, ఫోన్ చేస్తే ఎత్తే, పొద్దున ఐదున్నరకి మాక్ పోల్‌కి రాగలిగే ముగ్గురి పేర్లు రాయండి. వంద పేజీలు నిండేసరికే మీకు తెలిసిపోతుంది. సగానికి సగం ఖాళీగా ఉంటే ఆ నోట్‌బుక్ తీసుకెళ్లి మీ అన్నకి చూపించండి, ఫ్లెక్సీలకి ఆర్డర్ ఇవ్వకముందే.